తీర్మానం నలభై ఒకటి

మూడో వీధి చివర, సరస్సు మొదలయ్యే చోట
ఒక దీపస్తంభం.
దాని కింద ఇల్లు లేదు, దారి లేదు.
ఆ వెలుగులో చదువుకునేది రెల్లుగడ్డి ఒక్కటే.
అయినా అది రాత్రంతా
నా పడగ్గదిలోకి తొంగి చూస్తుంది,
అప్పు వసూలుకొచ్చినవాడిలా.

అర్జీ పెడదామని మంగళవారం టౌన్ ఆఫీసుకి వెళ్ళాను.
మానిటోబాలో జనవరి. నా మీసం మీది మంచు
గుమ్మంలో విరిగి పడింది.
మా మెరిక్ లాండింగ్‌లో ప్రభుత్వమంటే
ఒక గది, ఒక హీటరు, ఒక డార్లీన్ ప్రిస్టూపా.
కుక్కల లైసెన్సూ ఆవిడే, నీళ్ళ బిల్లూ ఆవిడే.
శ్మశానంలో ఎవరి పక్కన ఎవరికి చోటుందో
ఆవిడకే తెలుసు.
ఆఫీసు తెరిచేది మంగళ, గురువారాలు.
తక్కిన రోజుల్లో చచ్చినవాళ్ళు
కాస్త ఓపిక పట్టాలి.

"ఆ దీపం ఎవరిది?" అన్నాను.
"దీపం ఎవరిదీ కాదు. బిల్లు మనది" అంది.
"తీసెయ్యాలంటే ముందు ఎందుకు పెట్టారో చూడాలి.
పాత మినిట్స్ పుస్తకాలు బేస్మెంట్‌లో ఉన్నాయి.
ఇదిగో తాళం. తల జాగ్రత్త."

కింద, ఎలుకలు అంచులు కొరికిన డెబ్బై ఏళ్ళు.
వరదకి తడిసిన సంవత్సరాలు ఉబ్బిపోయి
ఒకదాన్నొకటి వదలవు.
ఎవరి పంది ఎవరి బంగాళాదుంపలు తవ్విందో,
వంతెనకి ఏ రంగు వెయ్యాలో మూడు నెలల వాదన,
చివరికి ఏ రంగూ వెయ్యకపోవడం.
1958 డిసెంబరు దగ్గర వేలు ఆగింది.

"తీర్మానం నలభై ఒకటి.
శ్రీమతి సిగ్రున్ థోర్వాల్డ్‌సన్ విన్నపం మీద
మూడో వీధి చివర ఒక దీపం.
వలలు తియ్యడానికి మంచు మీదికి వెళ్ళిన ఆమె భర్త
ఒడ్డు ఆనవాలు పట్టేందుకు.
ఆయన తిరిగి వచ్చేవరకు.
నెలకి డాలరు పది సెంట్లు.
అనుకూలం నలుగురు.
వ్యతిరేకం ఒకరు: పి. హలిక్."

పి. హలిక్ అంటే పెట్రో హలిక్.
మా నాన్న.

అగ్గిపుల్లని నిలువునా చీల్చి
రెండుసార్లు వెలిగించుకునే మనిషి.
ఆ రాత్రి ఇంటికొచ్చి బీట్‌రూట్ చారు తాగే ఉంటాడు.
నాకప్పుడు ఏడేళ్ళు. అదే బల్ల దగ్గర, ఎదురుగా
కూర్చునే ఉంటాను.
ఏమీ గుర్తు లేదు.

ఇంకా తిరగేశాను.
శరీరం దొరికిందేమో, ఆవిడ ఊరు విడిచిందేమో అని.
అవి ఇక్కడ రాయరు.
ఇక్కడ రాసేది ఖర్చులు.
తూములు, కంకర, మంచు ఎత్తే బండికి కొత్త టైరు,
మళ్ళీ తూములు.

1967 మార్చి.
"ఖర్చు తగ్గించుటకై
మూడో వీధి దీపం ఆర్పవలెనని ప్రతిపాదన.
అనుకూలం ఇద్దరు.
వ్యతిరేకం ముగ్గురు."
మొదటి పేరు, పి. హలిక్.

మధ్యలో తొమ్మిది చలికాలాలు.
ఏ రాత్రి, ఏ కిటికీ దగ్గర
ఆయన ఓటు మారిందో చెప్పే గడి
ఆ పుస్తకంలో లేదు.
వెనక్కీ ముందుకీ రెండుసార్లు చూశాను.
సిరా రెండు చోట్లా ఒకే నీలం.

మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ పైకొచ్చాను.
డార్లీన్ ఫిర్యాదు ఫారం తీసి
పెన్ను దాని మీద అడ్డంగా పెట్టి ఉంచింది.
"దొరికిందా?"
"దొరికింది. ఆయన ఇంకా రాలేదు."
ఆవిడ కంప్యూటరు వైపు తిరిగి కాసేపు వెతికింది.
"అయితే నెలకి పదకొండు నలభై" అంది.

రెండు పేజీల జిరాక్సుకి యాభై సెంట్లు.
ఎలాగూ వచ్చాను కదా అని
కుక్క లైసెన్సుకి పన్నెండు డాలర్లు.
రసీదు మీద తారీఖు తప్పు పడితే దిద్దించాను.
దారిలో మందపాటి కర్టెను గుడ్డ, మూడు మీటర్లు.

గుడ్డ ఇంకా మడత విప్పలేదు.
మేకులు కొట్టడం రేపటికి వాయిదా.
అనుకూలం ఒకరు.
కుక్క ఏమీ అనలేదు.